నేలకు తండ్రెవరు? బోగన్‌విల్ గురించి అడిగిన ప్రశ్నకు నా జవాబు

మిగతావాళ్లు కూడా చదువుతారు కాబట్టి ముందు మీ ప్రశ్న కుదించి చెబుతాను. మెలనీషియాలో, అంటే ఆస్ట్రేలియాకు ఉత్తరాన, తూర్పున ఉన్న పసిఫిక్ దీవుల్లో, వనరుల గొడవలు, గుర్తింపు అనే అంశం మీద మీరు పీహెచ్‌డీ మొదలుపెట్టబోతున్నారు. బోగన్‌విల్ అంటే అక్కడి పపువా న్యూగినీ దేశంలోని ఒక దీవి; దాని రాగి గని దగ్గర 1988 చివర్లో మొదలైన గొడవ యుద్ధమైంది. "బోగన్‌విల్ యుద్ధం రాగి డబ్బు కోసమా, పాడైన నది కోసమా, జాతి గుర్తింపు కోసమా? ఒక్కొక్కరు ఒక్కో మాట రాశారు. ఎక్కడ మొదలుపెట్టాలి? మన విశాఖ మన్యం బాక్సైట్‌తో పోల్చవచ్చా?" అని అడిగారు.

నేను ఇరవై ఏళ్లకు పైగా ఆ దీవులకు వెళ్లివస్తూ, మధ్యలో పాఠాలు చెప్పుకుంటూ బతుకుతున్నాను. అందుకని జవాబు కాస్త పొడుగ్గానే ఉంటుంది. మీరిచ్చిన మూడింట్లో ఒకటి ఎంచుకోమంటే నేను ఎంచుకోను. నా దగ్గర వేరే ప్రశ్న ఉంది: భూమి హక్కుదార్ల జాబితా ఎవరు రాశారు? అందులో పేరున్నది ఎవరికి, లేనిది ఎవరికి? డబ్బు, నది, జాతి మూడూ ఆ జాబితా దగ్గరకొచ్చి కలుస్తాయి. ఇది అర్థం కావడానికి నాకే ఆరేడేళ్లు పట్టింది.

ముందు ఊరు, పేరు. 1768లో అటుగా ఓడలో పోయిన ఒక ఫ్రెంచి నావికుడి పేరే ఆ దీవికి పెట్టారు. మన ప్రహరీ గోడల మీద పాకే కాగితం పూల తీగకు ఉన్న ఇంగ్లీషు పేరు కూడా ఆయనదే. మ్యాపులో చూస్తే బోగన్‌విల్ సోలమన్ దీవుల వరసలోది. దక్షిణాన బుయిన్ వైపు ఒడ్డున నిలబడితే సోలమన్ దేశపు షార్ట్‌లాండ్ దీవులు కంటికి ఆనతాయి. అక్కడా ఇక్కడా చుట్టాలే. కానీ 1899లో జర్మనీ, బ్రిటన్ దీవులు పంచుకున్నప్పుడు బోగన్‌విల్, దాని పక్కనే ఉన్న బుకా దీవి జర్మనీ వాటాలో మిగిలాయి, షార్ట్‌లాండ్ బ్రిటన్‌కు పోయింది. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మనీ వాటాను ఆస్ట్రేలియా పట్టుకుంది. అలా ఇది పపువా న్యూగినీకి తోకలా మిగిలిపోయింది. పపువా న్యూగినీకి 1975 సెప్టెంబరు 16న స్వాతంత్ర్యం వస్తే, బోగన్‌విల్ నాయకులు అంతకు రెండు వారాల ముందే, సెప్టెంబరు 1న, "నార్త్ సోలమన్స్ రిపబ్లిక్" అని ప్రకటించుకున్నారు. దాన్ని ఏ దేశమూ గుర్తించలేదు. మరుసటి ఏడు ప్రొవిన్షియల్ ప్రభుత్వం, అంటే మన రాష్ట్ర ప్రభుత్వం లాంటిది, ఇస్తామంటే రాజీపడ్డారు.

గని కథ దీనికంటే ముందే మొదలైంది. 1964లో సీఆర్‌ఏ అనే ఆస్ట్రేలియా కంపెనీ (నేటి రియో టింటో అనే గనుల సంస్థ కుటుంబంలోదే) పాంగునా కొండల్లో రాగి కోసం తవ్వి చూసింది. 1967లో ఒప్పందం కుదిరింది. 1972లో బోగన్‌విల్ కాపర్ లిమిటెడ్, అంటే బీసీఎల్, ఉత్పత్తి మొదలుపెట్టింది. 1989 మేలో గని మూతపడేనాటికి దాదాపు 30 లక్షల టన్నుల రాగి, 300 టన్నుల పైచిలుకు బంగారం బయటికి పోయాయి. ఆ ఏళ్లలో పపువా న్యూగినీ ఎగుమతుల్లో నలభై శాతానికి పైగా ఈ ఒక్క గొయ్యి నుంచే వచ్చాయి. కొత్తగా పుట్టిన దేశానికి జీతాలిచ్చింది అదేనన్నా తప్పులేదు. తవ్విన మట్టి, రాయి, మిల్లు వ్యర్థం కలిపి వంద కోట్ల టన్నులకు పైగా కవెరోంగ్, జాబా నదుల్లోకి వదిలారు.

స్థానికులకు ఏమొచ్చింది? ఈ లెక్క ఒక్కసారి చేతితో వేసి చూడండి. రాయల్టీ 1.25 శాతం. అందులో భూమి హక్కుదార్ల వాటా 5 శాతం. అదీ ఊరికే రాలేదు. బోగన్‌విల్ నుంచి శాసనసభకు వెళ్లిన పాల్ లాపున్ 1966లో పట్టుబట్టి సవరణ తెస్తేనే వచ్చింది. నేల మీదది మీది, నేల కిందది ప్రభుత్వానిది అనే పాత చట్టం అప్పటికి అక్కడా ఉంది. కీనా అక్కడి రూపాయి, టోయా అక్కడి పైస అనుకోండి. వంద కీనాల సరుకు అమ్ముడైతే హక్కుదార్లందరికీ కలిపి రాయల్టీగా చేరేది ఆరు టోయాల పైచిల్లర. నష్టపరిహారం, అద్దె విడిగా వచ్చేవి. అసలు గొడవంతా ఆ అద్దె, పరిహారం దగ్గరే.

ఇక్కడ కొంచెం ఆగి చెప్పాలి.

పాంగునా చుట్టుపక్కల ఉండేది నాసియోయ్ మాట్లాడే జనం. పక్కనే నాగోవిసి. వాళ్లది మాతృవంశ పద్ధతి. మనకు గోత్రం తండ్రి నుంచి వస్తుంది, వాళ్లకు తల్లి నుంచి వస్తుంది. ఒకే గోత్రంలో పెళ్లి చేసుకోకూడదన్నది మాత్రం ఇద్దరికీ ఒకటే. భూమి తల్లి నుంచి కూతురికి పోతుంది. అయితే నలుగురిలో ఆ భూమి గురించి మాట్లాడేది, పక్క ఊరితో తగువు తేల్చేది సాధారణంగా ఆమె అన్నదమ్ముడు, లేదా మేనమామ. కేరళ నాయర్ల పాత మరుమక్కత్తాయం గురించి విన్నవాళ్లకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది.

ఇప్పుడు ఈ ఊరికి కియాప్ వచ్చాడనుకోండి. కియాప్ అంటే వలస ప్రభుత్వపు గస్తీ అధికారి. తహసీల్దారు, ఎస్సై, సర్వేయరు ముగ్గురూ ఒకే మనిషిలో ఉంటే ఎలాగో అలా. వెంట కంపెనీ మనిషి. "ఈ నేల ఎవరిది?" అని అడిగాడు. జవాబు ఎవరు చెబుతారు? మాట్లాడే హక్కున్న మేనమామ చెబుతాడు. కాగితం మీద ఆయన పేరు పడింది. ఆయన దృష్టిలో తాను చెప్పింది "మా వాళ్ల తరఫున మాట్లాడేవాణ్ణి" అని. కాగితం దృష్టిలో ఆయన పట్టాదారు. అద్దె ఆయన పేరున వచ్చింది. ఆచారం ప్రకారం అక్కచెల్లెళ్లకు, మేనల్లుళ్లకు పంచాలి. కొంతమంది పంచారు. కొంతమంది తమ సొంత కొడుకులకు ట్రక్కు కొనిపెట్టారు. కొడుకుది వేరే గోత్రమని గుర్తుపెట్టుకోండి, అతను వాళ్లమ్మ వైపు మనిషి. అంటే ఒక గోత్రం నేల అద్దె ఇంకో గోత్రం ఇంట్లోకి పోయింది. మేనల్లుడు ఊరుకుంటాడా?

టోక్ పిసిన్‌లో, అంటే అక్కడందరూ మాట్లాడుకునే భాషలో, భూయజమానిని "పాపా బిలోంగ్ గ్రౌన్" అంటారు. నేలకు తండ్రి అని. తల్లి నుంచి నేల వచ్చే చోట యజమానికి పడిన పేరు తండ్రి! నాకు ఈ విషయం వెలిగిన రోజు ఆ రాత్రి నిద్రపట్టలేదు. ఆడవాళ్లు మాత్రం తమను "నేల తల్లులు" అనే చెప్పుకుంటారు. 1969 ఆగస్టులో రేవు కోసం తీరంలోని రొరొవానా ఊరి నేల తీసుకోబోతే, సర్వే కొయ్యలకు అడ్డం పడింది ఆ ఊరి ఆడవాళ్లే. పోలీసులు బాష్పవాయువు వదిలారు, లాఠీలు ఝళిపించారు. ఆ ఫొటోలు ఆస్ట్రేలియా పత్రికల్లో వచ్చి పెద్ద రచ్చ అయింది. చివరికి కాగితం మీద సంతకాలు మాత్రం ఎక్కువగా మగవాళ్లవి.

1979లో పాంగునా భూయజమానుల సంఘం పుట్టింది. పరిహారం కోసం కంపెనీతో బేరమాడింది, 1980లో కొత్త ఒప్పందం తెచ్చుకుంది. కొంత డబ్బు ట్రస్టు ఫండులో పెట్టారు. అప్పటికి గని వచ్చిన నాడు పిల్లలుగా ఉన్నవాళ్లు పెద్దయ్యారు, చదువుకున్నారు, కొందరు గనిలోనే ఉద్యోగం చేస్తున్నారు. జనాభా పెరిగింది, తోటలకు నేల తగ్గింది. గనిలో బోగన్‌విల్ వాళ్లు మూడో వంతు మాత్రమే, మిగతావాళ్లు ప్రధాన భూభాగం నుంచి, విదేశాల నుంచి వచ్చినవాళ్లు. ట్రస్టు ఫండు పెద్దల చేతిలో ఉంది. 1987లో కుర్రవాళ్లు కొత్త సంఘం పెట్టుకున్నారు. అధ్యక్షురాలు పర్పెట్యువా సెరెరో, కార్యదర్శి ఫ్రాన్సిస్ ఓనా. గనిలో సర్వేయరుగా, ఆ తర్వాత ట్రక్కు డ్రైవరుగా పనిచేసినవాడు ఓనా. వెయ్యి కోట్ల కీనాలు పరిహారం కావాలన్నారు. దేశ రాజధాని పోర్ట్ మోర్స్‌బీలో నవ్వుకున్నారు.

ఆ అంకె చూసి నవ్వే పరిశోధకులు ఇప్పటికీ ఉన్నారు. నాకు నవ్వు రాదు. మెలనీషియాలో పరిహారం అడగడం అంటే సరుకుకు ధర చెప్పడం కాదు. నీకూ నాకూ మధ్య తేలాల్సింది ఉంది, కూర్చో అని పిలవడం. అవతలివాడు కూర్చోకపోవడమే అవమానం. 1988 నవంబరులో నది కాలుష్యం మీద ఒక కన్సల్టెన్సీ నివేదిక వచ్చింది. జబ్బులకు, పంటలు పోవడానికి గని రసాయనాలే కారణమని చెప్పలేమన్నట్టు మాట్లాడారు వాళ్లు. ఆ సమావేశం నుంచి ఓనా లేచి వెళ్లిపోయాడు. కొద్ది రోజులకే గని పేలుడు మందు మాయమైంది, కరెంటు టవర్లు కూలాయి.

కానీ ఆ తర్వాత తొలి నెలల్లో ప్రాణాలు పోయినవాళ్లలో ఒకరు కంపెనీ మనిషి కాదు, సైనికుడూ కాదు. పాత సంఘానికి చెందిన పెద్దమనిషి, ఓనా సొంత బంధువు. ఈ ఒక్క సంగతి పట్టుకోండి. జాబితాలో పేరున్న పెద్దతరానికీ పేరులేని చిన్నతరానికీ మధ్య పగ అది. తర్వాతే అది దేశంతో యుద్ధమయింది.

మరి జాతి? అదీ అబద్ధం కాదు. బోగన్‌విల్ వాళ్ల ఒంటి రంగు నల్లగా నిగనిగలాడుతుంది. ప్రపంచంలోనే చాలా నల్లని మనుషుల్లో వాళ్లొకరు. ప్రధాన భూభాగం నుంచి వచ్చినవాళ్లను "రెడ్‌స్కిన్" అంటారు, ఎర్రతోలువాళ్లు అని. మన కళ్లకు వాళ్లూ నల్లవాళ్లే! తెల్లగా ఉండాలని క్రీములు రాసుకునే దేశం నుంచి వెళ్లిన నాకు, నలుపే పెద్దరికం అనే చోట కూర్చోవడం మొదట్లో వింతగా ఉండేది. మీ రంగు ఫర్వాలేదు, ఇంకాస్త ముదరాలి అని ఒక ముసలాయన నన్ను ఓదార్చాడు కూడా. మానవశాస్త్రవేత్తలు జిల్ నాష్, యూజీన్ ఓగన్ ఈ ఎరుపు నలుపుల మీద 1990లోనే రాశారు. వాళ్లు చెప్పేది ఏమిటంటే, ఈ "మనం నల్లవాళ్లం" అనే మాట అనాదిది కాదు. కొబ్బరి తోటల్లో, మిషన్ బడుల్లో, గని క్వార్టర్లలో బయటివాళ్లతో కలిసి బతికాక గట్టిపడింది. 1972 డిసెంబరులో ప్రధాన భూభాగంలోని గొరోకా దగ్గర కారు తగిలి ఒక పిల్ల చనిపోతే, కారులోని ఇద్దరు బోగన్‌విల్ అధికారులను అక్కడి జనం కొట్టి చంపారు. ఆ వార్త దీవంతా పాకింది. అంతకుముందు నాసియోయ్, సివాయ్, హాలియా, బుయిన్ అని ఎవరికివారుగా ఉన్నవాళ్లు ఆ నెలలో "బోగన్‌విల్ వాళ్లం" అయ్యారని పెద్దవాళ్లు ఇప్పటికీ చెబుతారు.

అయితే ఆ గుర్తింపు యుద్ధంలో నిలబడిందా? 1990 మార్చిలో పపువా న్యూగినీ సైన్యం వెనక్కి పోయింది, దీవిని దిగ్బంధం చేశారు. మందులు, ఉప్పు, సబ్బు, పెట్రోలు ఏవీ రాలేదు. జనం కొబ్బరినూనెతో జీపులు నడిపారు, గని తుక్కుతో చిన్న చిన్న జలవిద్యుత్ యంత్రాలు కట్టుకున్నారు. ఎర్రతోలువాళ్లు వెళ్లిపోయాక ఇంక గొడవ ఉండకూడదు కదా. కానీ అసలు రక్తం అప్పుడే ఎక్కువ పారింది. ఓనా వర్గపు విప్లవ సైన్యం ఒకవైపు, దానికి ఎదురుతిరిగిన "రెసిస్టెన్స్" ఒకవైపు. ఊళ్ల మధ్య పాత నేల తగాదాలు తుపాకులతో తేల్చుకున్నారు. దాదాపు లక్షా అరవై వేల జనమున్న చోట పదివేల నుంచి ఇరవైవేల దాకా చనిపోయారని అంటారు. అందులో చాలామంది తూటాకు కాదు, మందు లేక పోయారు. "జాతి యుద్ధం" అనే మాటతో ఈ సగం కథ చెప్పలేం.

పండితుల వాదం గురించి కూడా అడిగారు కాబట్టి రెండు ముక్కలు. కోలిన్ ఫైలర్ అనే ఆయన 1990లో అన్నది ఇది: బోగన్‌విల్ ప్రత్యేకత ఏమీ లేదు, పపువా న్యూగినీలో ఏ పెద్ద గని అయినా పదిహేను ఇరవై ఏళ్లకు హక్కుదార్ల సమాజాన్ని లోపలినుంచి చీల్చేస్తుంది, డబ్బు పంపకమే ఆ బాంబు. టెరెన్స్ వెస్లీ స్మిత్, ఓగన్ ఒప్పుకోలేదు. బోగన్‌విల్‌కు వలస చరిత్ర ఉంది, కోకో తోటలతో పైకొచ్చిన ఒక వర్గం ఉంది, వర్గభేదం వదిలేసి సమాజం చీలింది అంటే ఎలా అన్నారు. నేను వయసులో ఉన్నప్పుడు ఫైలర్ వైపు. ఇప్పుడు సగం సగం. పంపకం గురించి ఆయన చెప్పింది కళ్లారా చూశాను. కానీ గని వల్ల అన్నిచోట్లా మనస్పర్థలు వచ్చాయి గాని అన్నిచోట్లా యుద్ధం రాలేదు. ఆ తేడా చెప్పడానికి చరిత్ర కావాలి. దీవి మనిషే అయిన రూత్ సావోవానా స్ప్రిగ్స్ ఆడవాళ్లు శాంతి ఎలా తెచ్చారో రాసింది తప్పకుండా చదవండి. బయటివాళ్ల పుస్తకాలు పది చదివాక గానీ నేను ఆమెను చదవలేదు, తప్పు చేశాను.

నా తప్పుల మాట వచ్చింది కాబట్టి ఇంకొకటీ చెప్పేస్తాను. మొదటిసారి వెళ్లినప్పుడు ఒక ఊళ్లో వంశవృక్షాలు గీసుకున్నాను. మానవశాస్త్రం చదివినవాడు చేసే మొదటి పని అది. త్రిభుజం మగ, వృత్తం ఆడ, గీత పెళ్లి. ఒక ముసలమ్మ వరండాలో కూర్చొని, వక్క కొరుక్కుంటూ, తమలపాకు బదులు వాళ్లు నమిలే తమలపు కాయ సున్నంలో అద్దుకుంటూ, ఆరు తరాలు చెప్పింది. మధ్యలో ఒక పేరు దగ్గర ఆగింది. "ఆమె బయటి నుంచి వచ్చింది, మా వాళ్లు తెచ్చుకుని పెంచారు" అంది. నేను ఆ వృత్తాన్ని చుక్కల గీతతో కలిపాను. దత్తత అని గుర్తు.

వెళ్లేటప్పుడు ఊళ్లో ఒకాయన కాపీ అడిగాడు. ఇచ్చాను. జనం విషయం జనానికే ఇవ్వాలని మాకు నీతిపాఠాలు చెప్పారు కదా. రెండేళ్లకు మళ్లీ వెళితే ఆ ముసలమ్మ నాతో మాట్లాడలేదు. నా కాగితం జిరాక్సుల మీద జిరాక్సులయి, గని తిరిగి తెరుస్తారన్న ఆశతో జరిగిన ఒక సంఘం సమావేశంలో బల్ల మీదికి వచ్చిందట. చుక్కల గీత చూపించి, ఆ కొమ్మవాళ్లందరూ "బయటివాళ్లు", వాళ్లకు వాటా లేదన్నారట. ఆమె చెప్పిన కథలో ఆ అమ్మాయిని తెచ్చి పెంచడం ఆ ఇంటికి గౌరవం. నా చుక్కల గీతలో అది లోటయింది. ఆ కొమ్మ పిల్లలే ఆ ముసలమ్మను చూసుకుంటున్నారు. నేను ఎవరి దగ్గరా దాచాల్సింది లేదనుకున్నాను. ఆ రోజు తెలిసింది, నా నోటుబుక్కు కూడా కియాప్ జాబితా లాంటిదేనని.

అందుకే ఇలాంటి పరిశోధనలో "గుర్తింపు" అన్నది ముందే ఉండి, వనరు దొరికాక గొడవకు దిగుతుందని అనుకోవద్దు. ఎవరికి వాటా అన్న ప్రశ్న వచ్చాక "మనం ఎవరం" అన్నదానికి గట్టి అంచులు వస్తాయి. ముందు ఆ అంచులు మెత్తగా ఉండేవి. పెంచుకున్నవాళ్లు, ఆశ్రయం వచ్చినవాళ్లు, పెళ్లికి వచ్చి ఉండిపోయినవాళ్లు, అందరికీ తోట వేసుకోవడానికి ఒక మూల ఉండేది. పపువా న్యూగినీలో నేలలో 97 శాతం దాకా ఇలా ఆచార హక్కులోనే ఉందంటారు. గ్యాస్ పైపు వచ్చిన హూలీ కొండల్లో, బంగారం ఉన్న పోర్గెరాలో, ఎక్కడ చూసినా ఇదే తంతు: ముందు "భూసముదాయం" రిజిస్టర్ చేయాలి, దానికి అధ్యక్షుడు, సభ్యుల జాబితా, బ్యాంకు ఖాతా. ఒక్క గోత్రం మూడు సముదాయాలవుతుంది, మూడూ కోర్టుకు పోతాయి.

పక్క దేశం సోలమన్ దీవుల్లో 1998 నుంచి 2003 దాకా జరిగిన గొడవను అక్కడివాళ్లు "టెన్షన్" అనే అంటారు. మనం పరీక్షలకు వాడే మాటే. గ్వాడల్‌కెనాల్ దీవిలో కూడా చాలా చోట్ల నేల తల్లివైపు నుంచే వస్తుంది. రాజధాని హొనియారా చుట్టూ, పామాయిల్ తోటల చుట్టూ పనికొచ్చిన మలైటా దీవివాళ్లకు కొందరు స్థానిక మగవాళ్లు నేల అమ్మారు, ఇచ్చారు. అక్కచెల్లెళ్లను అడగలేదు. తర్వాతి తరం వచ్చి, అది చెల్లదు పొమ్మంది. ఆయుధం పట్టిన కుర్రవాళ్లు దీవి పాత పేరని చెప్పి "ఇసాటబు" అని పేరు పెట్టుకున్నారు. ఇరవై వేలమందికి పైగా ఇళ్లు వదిలి పారిపోయారు. 2003 జులైలో ఆస్ట్రేలియా నాయకత్వంలో ప్రాంతీయ దళం దిగాక గాని సద్దుమణగలేదు.

ఫిజీ కూడా మెలనీషియాలోదే అని మన వాళ్లు మర్చిపోతారు. అక్కడ ఈ కథలో మనవాళ్లున్నారు. 1879 నుంచి 1916 దాకా అరవై వేలమంది భారతీయులను గిర్మిట్, అంటే కూలి ఒప్పందం, కింద చెరకు తోటలకు తీసుకుపోయారు. 1903 నుంచి మద్రాసు రేవు మీదుగా వెళ్లినవాళ్లలో తెలుగువాళ్లూ ఉన్నారు. 1941లో వాళ్లు సొంతంగా ఆంధ్ర సంఘం పెట్టుకున్నారు. చెరకు వేసింది ఎక్కువగా స్థానికుల నుంచి కౌలుకు తీసుకున్న నేలలో. బ్రిటిషువాళ్లు స్థానిక భూమిని "మతంగలి" అనే సమూహాల పేరున రిజిస్టర్ చేసి గడ్డకట్టించారు. అంతకుముందు అవి కలుస్తూ విడిపోతూ ఉండేవి. 1976 చట్టం కింద పొడిగించిన పాత కౌళ్లు 1997 నుంచి ముగియడం మొదలైంది. చాలా కుటుంబాలు పొలం వదిలి సువా పట్నం అంచున రేకుల ఇళ్లలోకి చేరాయి. 1987లో, 2000లో జరిగిన తిరుగుబాట్లలో నినాదం నేలే. స్థానిక జాతికి ఇప్పుడు అధికారిక పేరు "ఇతౌకెయ్". ఆ మాటకు అర్థం యజమానులు అని. ఒక జాతి పేరే "యజమానులు" అయితే మూడు తరాలుగా అదే నేల దున్నినవాడు ఏమవుతాడు? మీకు తెలుగు వచ్చు కాబట్టి ఫిజీలో తెలుగు కుటుంబాల కౌలు కాగితాల మీద పనిచేయవచ్చు. మీకు ఇది బోగన్‌విల్ కంటే దగ్గరి దారి అని నా అభిప్రాయం. ఆలోచించండి.

విశాఖ మన్యం పోలిక గురించి. పోల్చవద్దని అనను గాని ఇప్పుడే వద్దు. మన దగ్గర 1/70 చట్టం, దాని మీద 1997లో వచ్చిన సమత తీర్పు గిరిజనేతరుల చేతికి నేల పోకుండా అడ్డం వేస్తాయి. ఇక్కడ గిరిజనుడు ఎవరో ప్రభుత్వ జాబితా ముందే చెప్పేసింది. బోగన్‌విల్‌లో నేలంతా జనానిదే, ఏ జనానిది అన్నదే తేలదు. 2015లో వాళ్లు చేసుకున్న గనుల చట్టం ఇంకో అడుగు ముందుకేసి, నేల కింద ఖనిజం కూడా ఆచార హక్కుదార్లదే అంది. వినడానికి బాగుంది. కానీ 2017 చివర్లో పాంగునాలో లైసెన్సు పొడిగింపు మీద హక్కుదార్లను అడిగితే నిలువునా రెండుగా చీలిపోయారు. యుద్ధం మళ్లీ వస్తుందన్న భయంతో 2018 జనవరిలో అక్కడి ప్రభుత్వం పొడిగింపు ఆపేసింది. హక్కు పెరిగేకొద్దీ జాబితా విలువ పెరుగుతుంది మరి. 2024లో కొన్ని వేలమంది తరఫున రియో టింటో మీద, బీసీఎల్ మీద కోర్టులో దావా పడింది. అదే సమయంలో నదుల నష్టం లెక్కగట్టే వేరే ప్రక్రియ కూడా నడిచింది. ఆ దావాలో చేరాలా వద్దా అని అన్నదమ్ములు మాట్లాడుకోవడం మానేశారని ఒక మిత్రుడు రాశాడు. మళ్లీ ఒక జాబితా.

ఇక శాంతి గురించి మీరు అడగలేదు, కానీ అది లేకుండా ఈ అంశం సగమే. 1997లో పపువా న్యూగినీ ప్రభుత్వం శాండ్‌లైన్ అనే కిరాయి సైన్యాన్ని తెప్పిస్తే సొంత సైన్యాధిపతే తిరగబడి వాళ్లను వెళ్లగొట్టాడు. ఆ తర్వాత న్యూజీలాండ్‌లోని బర్న్‌హామ్‌లో మాటలు మొదలయ్యాయి. ఆయుధాలు లేని శాంతి పరిశీలకులు వచ్చారు, 2001 ఆగస్టు 30న ఒప్పందం కుదిరింది. 2019లో ఓటు పెడితే దాదాపు 98 శాతం స్వాతంత్ర్యం అన్నారు. 2027 సెప్టెంబరు 1 అని తేదీ కూడా పెట్టుకున్నారు. ఇవన్నీ పత్రికల్లో దొరుకుతాయి. పత్రికల్లో దొరకనిది ఊళ్లో జరిగే "బెల్ కోల్". బెల్ అంటే కడుపు, కోల్ అంటే చల్లన. కోపాన్ని వాళ్లు "బెల్ హాట్" అంటారు. కడుపుమంట, కడుపు చల్లబడటం అనే మాటలున్న మనకు దీన్ని అనువదించాల్సిన పనే లేదు. ఇంగ్లీషులో రాసేవాళ్లు దీనికోసం పేజీలు తిప్పలు పడతారు. చంపినవాళ్లు, చచ్చినవాళ్ల ఇంటివాళ్లు ఎదురుబొదురు కూర్చుంటారు. పందులు, గవ్వల దండలు చేతులు మారతాయి. విల్లు విరుస్తారు. పక్కపక్కన కూర్చొని వక్క నములుతారు. ఇది పూర్తి పరిష్కారం కాదు, ముందు కడుపు చల్లబడితే తర్వాత అసలు మాట మాట్లాడతారు. గని తిరిగి తెరిచే మాటలు నడిచిన రోజుల్లో కంపెనీతో కూడా బెల్ కోల్ జరపాలన్నారు, దాని మీద మళ్లీ గొడవ.

చేయాల్సిన పనులు. టోక్ పిసిన్ ఈ నెలలోనే మొదలుపెట్టండి. ఆరు నెలల్లో మాట్లాడతారు, మన వాళ్లకు ఉచ్చారణ తేలిక. పరిశోధన వీసా పోర్ట్ మోర్స్‌బీలోని నేషనల్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ ద్వారా రావాలి, బోగన్‌విల్ ప్రభుత్వం అనుమతి విడిగా. కాగితాలకు ఏడాది పట్టినా ఆశ్చర్యపోవద్దు, టెన్షన్ పడొద్దు. ఈలోగా కియాప్‌ల గస్తీ నివేదికలు చదవండి. శాన్‌డియేగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వాళ్లు స్కాన్ చేసి నెట్‌లో పెట్టారు. ఒక ఊరు ఎంచుకుని, యాభైల నుంచి డెబ్బైల దాకా ఆ ఊరి పెద్దల పేర్లు ఎలా మారాయో రాసుకోండి. ఊరికి వెళ్లాక మొదటి నెల గని మాట ఎత్తవద్దు. చావు భోజనాలకు వెళ్లండి. ఎవరు పంది తెచ్చారు, ఎవరికి ఏ ముక్క వెళ్లింది, ఎవరు వంటచోటనే ఉండిపోయారు, చూస్తూ ఉండండి. ఎవరు ఎవరి మనిషో అక్కడ తెలిసినంత బాగా ఇంటర్వ్యూలో తెలియదు. చిలగడదుంపల తోటలో అరగంట కలుపు తీస్తే ఆడవాళ్లు చెప్పేది రికార్డర్ పెడితే చెప్పరు.

వంశవృక్షాలు గీయాలా అంటే, గీయండి, తప్పదు. కాపీ ఇచ్చే ముందు చెప్పినవాళ్ల దగ్గర కూర్చొని, ఒక్కో పేరు చదివి, ఇది బయటికి వెళ్లవచ్చా అని అడగండి. దత్తతకు విడి గుర్తు పెట్టవద్దు. మీ గైడు ఒప్పుకోకపోతే నా పేరు చెప్పండి, నేను మాట్లాడతాను. మీ ప్రతిపాదన మొదటి పేజీ పంపితే చూస్తాను. అందులో "ఆదిమ తెగల మధ్య తరతరాల వైరం" అన్న వాక్యం ఉంటే మాత్రం పంపేముందే కొట్టేయండి.